పెద్దాయన టైము

నాలుగోసారి కూడా పెద్దాయన అక్కడే ఆగిపోయాడు.

తన గది గుమ్మంలో, ఒక చెయ్యి తలుపు మీద వేసి, నడవాలో పైన బిగించిన కెమెరా వైపు సగం తల తిప్పి నిలబడిపోయాడు. తెర కింది మూలలో టైము ఏడూ ముప్పై అయిదు. ఆ తర్వాత మౌస్ బాణం కదల్లేదు. కీబోర్డు మీద ఏది నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కాపలాకి పెట్టిన కానిస్టేబులు టీ తాగొస్తానంటూ బయటికి జారుకున్నాడు. అంతకుముందు టీ తాగి వచ్చి పది నిమిషాలు కూడా కాలేదు.

టెస్టరమ్మ కుర్చీలోంచి లేవలేదు. చనిపోయి మూడు రోజులైన మనిషి కళ్లలో కళ్లు పెట్టి చూస్తుంటే ఆమెకూ వెన్ను జలదరించింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకు నామోషీ ఏమీ లేదు. కాకపోతే భయం వేసినంత మాత్రాన చేతిలో పని వదిలేసే రకం కాదు. కొప్పులో గుచ్చుకున్న టెస్టర్ తీసి, దాని వెనకవైపుతో కంప్యూటర్ డబ్బాని రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వింది. ఫ్యాను రొద తప్ప ఏమీ తెలియలేదు. పదిహేనేళ్లు కంప్యూటర్లు బాగుచేసి, తర్వాత డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. బోర్డు మారినా టెస్టర్ మారలేదు. ఆ పేరూ అలాగే స్థిరపడిపోయింది.

"ఎన్నిసార్లు చూసినా అంతే మేడమ్. అది వైరస్," అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ పోలీసు కంప్యూటర్ నిపుణుడు.

అతనికి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా వైరసే కనబడుతుంది. అందుకే స్టేషన్‌లో అందరూ వైరస్ సారు అంటారు. అతని ముందు మాత్రం అనరు. టెస్టరమ్మ అతని ముందే అంటుంది, అందువల్ల ఇద్దరికీ పడదు.

వైరస్ సారు లెక్క సాఫీగానే ఉంది. ఈ ప్రింటింగ్ ప్రెస్ యజమాని, అంటే పెద్దాయన, ఈ గదిలోంచే కిందికి దిగే వెనక మెట్ల కింద పడి చనిపోయాడు. తల వెనక దెబ్బ. పైకి రక్తం లేదు, లోపల నెత్తురు గడ్డకట్టింది. దెబ్బ తగిలాక చాలాసేపటికి, రాత్రి పొద్దుపోయాక ప్రాణం పోయిందని డాక్టర్లు తేల్చారు. ఆ మెట్ల దగ్గర కెమెరా లేదు. ఉన్న నాలుగు కెమెరాల రికార్డింగూ పెద్దాయన గదిలోని ఈ కంప్యూటర్‌లోకే వస్తుంది. ఆ సాయంత్రం రికార్డింగు ఏడూ ముప్పై అయిదుకి తెగిపోయి, మళ్లీ ఎనిమిదీ అయిదుకి మొదలైంది. మధ్యలో అరగంట మాయం. తెగిన చోటికి రాగానే కంప్యూటర్ హ్యాంగవుతోంది. ప్రెస్‌లో కంప్యూటర్లన్నీ చూసుకునేది పెద్దాయన అల్లుడు. మామకీ అల్లుడికీ మాటలు లేవు. మర్నాడు పొద్దున పోలీసులు వచ్చేలోపు ఈ డబ్బా విప్పింది కూడా అల్లుడే. అరగంటలో మామని మెట్ల మీంచి తోసి, ఆ అరగంట చెరిపేసి, ఎవరూ వెతక్కుండా వైరస్ పెట్టాడు. అయిదు గంటలకి రిపోర్టు మీద సంతకం పెడితే అల్లుడిని కోర్టుకి తీసుకెళతారు.

టెస్టరమ్మని ఈ కేసులోకి పిలిచింది పెద్దాయన కూతురు. తండ్రి పోయాడు, మొగుడు స్టేషన్‌లో ఉన్నాడు. ఆ అమ్మాయి ఏడవను కూడా ఏడవకుండా, "ఆయన చెయ్యలేదక్కా. అది రుజువు చెయ్యండి, చాలు," అంది. ఇప్పుడు కింద కాగితం రీముల మధ్య ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది.

అల్లుడిని పొద్దున్నే స్టేషన్‌లో కలిసింది టెస్టరమ్మ. గంటసేపు అడిగినా అతను నోరు విప్పింది నాలుగు ముక్కలకే. డబ్బా విప్పాను, దుమ్ము దులిపాను, మూశాను అన్నాడు. మామ చచ్చిపడి ఉంటే దుమ్ము దులపడం ఏమిటని ఆమె నిలదీస్తే నేల చూపులు చూశాడు. ఈ కేసు మీకెవరిచ్చారని మాత్రం ఎదురు అడిగాడు. మీ ఆవిడే అని ఆమె చెప్పగానే కళ్లు మూసుకున్నాడు. తర్వాత, ఎంత అడిగినా, తనకోసం ఎవరూ తిరగొద్దని, దీన్ని ఇక్కడితో వదిలెయ్యమని బతిమాలాడు. జైలు తప్పదని బెంగపెట్టుకున్నాడు కాబోలనుకుంది ఆమె అప్పుడు.

"అయిదింటిదాకా టైముంది కదా. ఈలోపు దీని సంగతి నన్ను తేల్చనివ్వండి," అంది టెస్టరమ్మ.

వైరస్ సారు చేతులు కట్టుకుని, మీ ఇష్టం అన్నట్టు తలాడించాడు. ఆమె ఓడిపోవడం దగ్గరుండి చూడాలని అతనికీ ఉంది.

డబ్బా పక్క రేకు విప్పగానే ఆమెకి మొదటి అబద్ధం దొరికింది. లోపల ఫ్యాను రెక్కల మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. అల్లుడు ఇక్కడ దులిపింది ఏమీ లేదు. మరి విప్పింది ఎందుకు? రేకుని వెలుతురులో పట్టుకుని తిప్పింది. పైకి చదునుగానే ఉంది గానీ మధ్యలో రంగు బీటలు వారి, పగుళ్లు ఒక గీత వెంబడి సాగాయి. లోపలివైపు సుత్తి దెబ్బల గుండ్రటి మచ్చలు. రేకు సొట్టపోతే ఎవరో లోపలినుంచి కొట్టి సాపు చేశారు. ఆమె వైరస్ సారుకి వెంటనే చెప్పలేదు. ముందు రోగం తేలాలి.

హ్యాంగయ్యే కంప్యూటర్ దగ్గర తొందరపడితే పని చెడుతుంది. ఒక్కో అనుమానాన్నీ విడిగా పక్కకి తప్పించుకుంటూ రావాలి. వేడెక్కి ఆగుతోందా అని ప్రాసెసర్ మీది ఇనుప రెక్కల్ని వేలితో తాకి చూసింది, గోరువెచ్చగా ఉంది. కరెంటు సరిగా అందక ఆగుతోందా అని సంచిలోంచి తన సొంత పవర్ సప్లై తీసి తగిలించింది. అయినా పెద్దాయన అదే గుమ్మంలో ఆగాడు. ర్యామ్ పట్టీ తీసి దాని అంచు తుడిచి మళ్లీ బిగించి, పరీక్ష పెట్టి, అది నడిచినంతసేపూ కళ్లార్పకుండా చూసింది. ఒక్క తప్పూ రాలేదు. తర్వాత హార్డ్ డిస్క్ తీగలు పీకేసి, పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ని నడిపించింది. లక్షణంగా నడిచింది. ఎంత పని చెప్పినా ఆగలేదు.

"చూశారా, డిస్క్ తీసేస్తే బాగుంది. వైరస్ డిస్క్‌లోనే కదా ఉండేది," అన్నాడు వైరస్ సారు.

మాటలో తప్పు లేదు. అందుకే ఆమెకి ఒళ్లు మండింది. డిస్క్‌ని తన సంచిలోని ల్యాప్‌టాప్‌కి తగిలించింది. ఇప్పుడు డిస్క్‌లోని ఏ ప్రోగ్రామూ నడవదు, అందులోని బొమ్మల్ని ఆమె ల్యాప్‌టాప్ చదువుకుంటుంది, అంతే. వైరస్ ఉన్నా నిద్రలో ఉన్నట్టే. అదే రికార్డింగు తెరిచింది. పెద్దాయన నడవాలోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. వెనక్కి తిరిగి గుమ్మంలోకి వెళ్లాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. సగం తల తిప్పాడు.

ఆగిపోయాడు.

ఈసారి గదిలో ఇద్దరూ మాట్లాడకపోవడం వల్ల ఆ చప్పుడు వినబడింది. టిక్, టిక్, టిక్. డిస్క్ లోపలి నుంచి. ఎవరో గోటితో తలుపు కొడుతున్నట్టు. వైరస్ సారు రెండడుగులు వెనక్కి వేసి, వేసినట్టు కనబడకూడదని గోడకి ఆనుకున్నాడు.

"అది దయ్యమూ కాదు, వైరసూ కాదు," అంది టెస్టరమ్మ. "లోపల తిరిగే పళ్లెం మీద గీత పడింది. చదివే ముల్లు అక్కడికి రాగానే తడబడుతోంది. వెనక్కి వెళ్లి మళ్లీ వస్తోంది. దొరికేదాకా వదలదు. అందుకే కంప్యూటర్ మన మాట వినడం మానేసి దాని కోసం కూచుంటోంది. చెరిపేస్తే ఇలా అవదు సారూ. చెరిపేసిన చోట ఖాళీ ఉంటుంది, దెబ్బ ఉండదు."

వైరస్ సారు ఊరుకోలేదు. పాత డిస్క్, దానంతటదే పాడైపోయి ఉండొచ్చు కదా అన్నాడు. దానికీ జవాబు చూపించింది. డిస్క్ మొత్తం వరసగా చదివించే పరీక్ష పెట్టి, ఫలితం అతనికేసి తిప్పింది. వయసైపోయి పాడైతే మచ్చలు అక్కడా ఇక్కడా పడతాయి. ఇందులో ఒకే ఒక్క చోట దెబ్బ ఉంది, మిగతాదంతా శుభ్రంగా ఉంది. ఆ ఒక్క చోటూ సరిగ్గా ఏడూ ముప్పై అయిదుకి ముల్లు రాస్తున్న చోటు. అంటే పెద్దాయన గుమ్మంలో కనబడిన నిమిషంలోపే, అది రాస్తూ ఉండగానే కంప్యూటర్ కిందపడింది. ముల్లు వెళ్లి పళ్లేన్ని గీరేసింది.

ఆ తర్వాత పక్క రేకు తీసి అతని చేతిలో పెట్టింది. పెద్దాయన మెట్ల మీద దెబ్బ తినలేదని, ఈ గదిలో, ఈ డబ్బా మీద పడ్డాడని, ఆయనతోపాటే డబ్బా బోర్లా పడి రేకు సొట్టపోయిందని, గోడలోంచి తీగ ఊడి కంప్యూటర్ ఆరిపోయిందని చెప్పుకొచ్చింది. తేలిన నిజాన్ని తన నోటితో చెప్పడం ఆమెకి ఎప్పుడూ ఇష్టమే. ఆ ఇష్టమే ఆమె కొంప ముంచింది.

వైరస్ సారు రేకుని అటూ ఇటూ తిప్పి, లోపలి సుత్తి మచ్చల మీద వేలు పోనిచ్చాడు. మెల్లగా నవ్వాడు.

"మర్నాడు పొద్దున డబ్బా విప్పింది ఒక్క అల్లుడే కదా మేడమ్. అంటే ఈ సొట్ట సాపు చేసింది అతనే. ఇక్కడ ఏం జరిగిందో తెలియనివాడు ఆ పని ఎందుకు చేస్తాడు? వైరస్ సంగతి నేను వదిలేస్తాను. ఇది దానికంటే బాగుంది. నా రిపోర్టులో మీ పేరు కూడా రాస్తాను."

టెస్టరమ్మ రేకుని అతని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. కింద పీట మీద కూర్చున్న అమ్మాయి గుర్తొచ్చి ఆమె ప్రాణం ఉసూరుమంది. మొగుణ్ని కాపాడమని పిలిస్తే, వచ్చి ఉరితాడు పేనిచ్చింది. వైరస్ సారు అప్పటికే బల్ల చివర కూర్చుని కాగితాల మీద కొత్త పేరా మొదలుపెట్టాడు. తలెత్తి గోడ మీదకి చూసింది. కంప్యూటర్ బల్లకి సరిగ్గా పైన ఉన్న గడియారం అయిదుకి అయిదు నిమిషాలు చూపిస్తోంది.

ఇంకేదైనా మిగిలిందా అని రెండో రికార్డింగు తెరిచింది. ఎనిమిదీ అయిదుకి మొదలైనది. ఇందులో దెబ్బలేమీ లేవు, నీళ్లు పారినట్టు నడిచింది. నడవా ఖాళీ. గేటు దగ్గర ఎవరూ లేరు. కింద మెషిన్ హాలులో సాయంత్రం షిఫ్టు నడుస్తోంది. పెద్ద యంత్రం పక్కన అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని, దాని కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టి ఏదో బిగిస్తున్నాడు. పక్కన మరలు వేసుకున్న రేకు పళ్లెం. మొదటి రికార్డింగు చివర్లో కూడా ఇదే పెట్టె, ఇదే చెయ్యి. మధ్యలో తను ఎక్కడికీ కదల్లేదని అతనూ చెప్పాడు, షిఫ్టు చూసుకునే ఫోర్‌మనూ చెప్పాడు. నాలుగు మరల పనికి అరగంట పడుతుందా అని పోలీసులు వెక్కిరించారు.

ఆ హాలు గోడ మీద, బొమ్మలో పై అంచుకి దాదాపు బయటికి పోతూ, ఒక గడియారం ఉంది. టెస్టరమ్మ బొమ్మని ఆపి పెద్దది చేసింది. చుక్కలు చుక్కలుగా చెదిరినా ముళ్లు తెలుస్తున్నాయి. ఏడూ నలభై అయిదు.

తెర మూలలో మాత్రం ఎనిమిదీ అయిదు.

మొదటి రికార్డింగుకి పరిగెత్తింది. అందులో హాలు గడియారమూ తెర మీది టైమూ రెండూ ఒక్కటే. తెగిన తర్వాతే ఇరవై నిమిషాల తేడా వచ్చింది. టైము పారిపోలేదు, ఎవరో కంప్యూటర్‌కి తప్పు టైము చెప్పారు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ టైము మరిచిపోకుండా చూడటమే దాని పని. మీటరు పెట్టి చూసింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అంటే తీగ ఊడగానే కంప్యూటర్ టైము మరిచిపోయింది. మళ్లీ ఆన్ చేసినప్పుడు, ఇందాక పవర్ సప్లై మార్చాక తననీ అడిగినట్టే, నల్లటి తెర మీద ఆగి, తేదీ ఎంత, టైమెంత అని అడిగి ఉంటుంది. ఎవరో ఒకరు ఈ కుర్చీలో కూర్చుని, కీబోర్డు మీద టైము కొట్టి ఉండాలి. కొట్టిన టైము ఇరవై నిమిషాలు ముందు. అలా ఎందుకు కొడతారు?

అప్పుడే కాగితం నమూనా ఒకటి తీసుకెళ్లడానికి ఫోర్‌మన్ గుమ్మంలోకి వచ్చాడు. గదిలో పోలీసుని చూసి వెనక్కి తగ్గబోతే టెస్టరమ్మ ఆపింది. అయిదు దాటిపోతోంది, ఒక్క మాట చెప్పి వెళ్లమంది.

"అప్పుడే అయిదెక్కడమ్మా," అన్నాడు ఫోర్‌మన్. గోడ మీదకి చూసి తనలో తనే నవ్వుకుని, వెంటనే మొహం చిన్నది చేసుకున్నాడు. "అది పెద్దాయన టైము. అందులో ఇరవై తీసేసి చదువుకోవాలి. ఒకసారి కట్టలు ఆలస్యమై వ్యాన్ వెళ్లిపోయిందని, ఆయనే కుర్చీ ఎక్కి ముందుకి తిప్పేశారు. మా వాళ్లందరికీ అలవాటే. కొత్తగా పన్లో చేరినవాడికి ముందు ఇదే చెప్తాం."

టెస్టరమ్మ గోడ వైపు తిరిగింది. తనూ ఇందాకటినుంచీ ఆ గడియారం చూసే హడావుడి పడుతోంది. వైరస్ సారు కలం ఆపి తన చేతి గడియారం చూసుకున్నాడు. అయిదుకి ఇంకా ఇరవై నిమిషాల పైనే ఉంది.

ఆమె ఫోర్‌మన్‌ని గుక్క తిప్పుకోనివ్వకుండా అడిగింది. పెద్దాయన కంప్యూటర్ తనే పెట్టుకునేవాడా? ఆయనకి కీబోర్డు అంటే చిరాకని, తెర చూడటమే తప్ప మీట ముట్టేవాడు కాదని ఫోర్‌మన్ చెప్పాడు. పెట్టాల్సి వస్తే ఎవరు పెట్టేవారు? అల్లుడే. అల్లుడు టైము దేన్ని చూసి పెడతాడు? తన ఫోన్ చూసి. మర్నాడు పొద్దున డబ్బా మూసేటప్పుడు కూడా ఫోన్ చూసే పెట్టాడని, పక్కనే ఉన్నానని అన్నాడు. తలుపుల గురించి అడిగితే, రోజూ పడుకునే ముందు పెద్దాయన మెట్లు దిగి వెనక తలుపు గొళ్లెం తనే వేసుకునేవాడని, మర్నాడు చూస్తే గొళ్లెం వేసి లేదని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"విన్నారుగా సారూ," అంది టెస్టరమ్మ. "కంప్యూటర్ పెట్టినవాళ్లు ఈ గోడ గడియారం చూసి, ఉన్నది ఉన్నట్టు కొట్టారు. ప్రెస్‌లో పనిచేసే ఏ ఒక్కరూ ఆ పని చెయ్యరు. అల్లుడు అసలే చెయ్యడు. ఇంకా చూడండి, మీ అరగంట ఇప్పుడు పది నిమిషాలైంది. పది నిమిషాల్లో మరలు బిగించే మనిషి మెట్లెక్కి, గొడవపడి, కంప్యూటర్ నిలబెట్టి, టైము కొట్టి, మళ్లీ దిగి అదే మర దగ్గర కూర్చోలేడు. దెబ్బ ఇక్కడ తగిలింది, రాత్రి గొళ్లెం వెయ్యడానికి దిగుతూ పెద్దాయన మెట్ల కింద కూలిపోయాడు."

వైరస్ సారు ఆ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టించుకుని చాలాసేపు చూశాడు. పళ్లెంలో మిగిలిన మరలు కూడా లెక్కపెట్టాడు. అతనికి గర్వం ఉంది గానీ కుళ్లు లేదు. రాసిన పేరా మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు.

"సుత్తి సంగతి మిగిలే ఉంది," అన్నాడు చివరికి. "అతను ఎవరినో దాస్తున్నాడు. బయటి మనిషి. ఈ కంప్యూటర్ టైము అడుగుతుందని తెలిసిన మనిషి, గడియారం సంగతి తెలియని మనిషి. స్టేషన్‌కి ఫోన్ చేసి కోర్టుకి తీసుకెళ్లడం ఆపిస్తాను. ఆ మనిషి ఎవరో అతని చేతనే చెప్పిస్తాను."

ఆ మాటల్లో రెండోది టెస్టరమ్మ చెవికెక్కలేదు. మెట్లు దిగుతుంటే ఆమెకి పొద్దుటినుంచీ పట్టిన బిగింపు సడలింది. పైన గదిలో డిస్క్ ఇంకా టిక్ టిక్‌మంటూనే ఉంది, తీగ పీకడం మరిచిపోయింది.

కాగితం గోదాములో వెలుతురు తక్కువ. రీములు రెండు నిలువుల ఎత్తున పేర్చి ఉన్నాయి. వాటి మధ్య కూతురు పీట మీద అలాగే కూర్చుని ఉంది. చెంగు ముడి వేస్తోంది, విప్పుతోంది. టెస్టరమ్మ ఎదురుగా రీముల మీద కూలబడి, మీ ఆయన బయటపడ్డాడమ్మా అంది. ఆ అమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుని తెరిచింది. ఎలా అని అడిగింది. టెస్టరమ్మ చెప్పుకుంటూ వచ్చింది. కంప్యూటర్ పడిపోవడం, బ్యాటరీ, ఎవరో టైము కొట్టడం. ఆ అమ్మాయి ప్రతిదానికీ తలాడిస్తూ వింది. దేనికీ ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యం లేకపోవడాన్ని టెస్టరమ్మ గమనించేసరికి ఆలస్యమైంది. నాలుక అప్పటికే గడియారం దాకా వెళ్లిపోయింది.

"ఇరవై నిమిషాలు ముందుకా?" అంది కూతురు.

చెంగు మీద ఆమె వేళ్లు ఆగాయి.

"ఎవరు పెట్టారు?"

టెస్టరమ్మ జవాబు చెప్పడానికి జంకింది. అల్లుడు పొద్దున స్టేషన్‌లో కళ్లు ఎందుకు మూసుకున్నాడో, తనకోసం తిరగొద్దని ఎందుకు బతిమాలాడో ఇప్పుడు ఆమెకి తెలుస్తోంది. వాళ్లింట్లో కూడా పాత కంప్యూటరే ఉండి ఉంటుంది. అది కూడా పెట్టినప్పుడల్లా టైము అడుగుతూ ఉంటుంది. ఎలా కొట్టాలో పెళ్లానికి అతనే నేర్పి ఉంటాడు. ఆ సాయంత్రం ఆమె తండ్రి దగ్గరికి వెళ్లిందని తెలిసే ఉంటుంది కాబట్టి, సొట్టపోయిన రేకు చూడగానే అతనికి అంతా అర్థమై ఉంటుంది.

"మీ నాన్నగారే పెట్టారు," అంది.

పైన బూట్ల చప్పుడు వినబడింది. వైరస్ సారు ఫోన్‌లో మాట్లాడుతూ మెట్లు దిగుతున్నాడు. కూతురు ఆ వైపు చూడలేదు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పెళ్లయ్యాక నాన్న తనని ప్రెస్‌లో అడుగు పెట్టనివ్వలేదని చెప్పింది. ఆ రోజు వెనక మెట్ల మీదుగా వెళ్లింది. మేం ఇక్కడ మానేసి సొంతంగా షాపు పెట్టుకుంటున్నాం నాన్నా అని చెప్పడానికి. ఆయన వెళ్లొద్దంటూ చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుంది. అంతకంటే ఏమీ చెయ్యలేదు. ఆయన వెనక్కి తూలి కంప్యూటర్ మీద పడ్డాడు. తనే లేచి కూర్చున్నాడు. తల తడుముకుని, ఏం కాలేదు, ముందు కంప్యూటర్ పెట్టు, కెమెరాలు ఆగిపోయాయి అన్నాడు. పెట్టింది. చేతిలో ఫోన్ లేదు, గోడ మీద చూసి టైము కొట్టింది.

"ఆయన మాట తేడాగా ఉందనిపించింది అక్కా. వీధి చివర డాక్టరు ఎనిమిదిదాకా ఉంటాడు. పిలుచుకొద్దామని లేచాను. గడియారం చూస్తే ఎనిమిదీ అయిదు. వెళ్లిపోయుంటాడు నాన్నా, రేపు పొద్దున్నే తీసుకెళతాను అన్నాను."

మెట్ల మీద చప్పుడు ఆగింది. గోదాము గుమ్మంలో వైరస్ సారు ఫోన్ చెవి నుంచి దించి నిలబడ్డాడు. ఎంతవరకూ విన్నాడో అతని మొహం చూస్తే తెలుస్తోంది. కూతురు అతన్ని చూసింది, చూసి కూడా మాట ఆపలేదు. టెస్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంక చెప్పొద్దని వారించడానికో, చెప్పమని ధైర్యం ఇవ్వడానికో ఆమెకే తెలియలేదు.

"నేనా మాట అనగానే నాన్న కూడా తలెత్తి గడియారం చూశాడక్కా. చాలాసేపు చూశాడు. తర్వాత, అవునమ్మా, వెళ్లిపోయుంటాడు, నువ్వు ఇంటికెళ్లు అన్నాడు."